తుక్కు సంఘం జవాబు

ఉగాది పండగ అయిపోయిన తర్వాత జరిగిన కార్యవర్గ సమావేశంలో ఒక మిత్రుడు మా నలుగురికీ ఒక పేరు పెట్టాడు: తుక్కు సంఘం. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. పేరు బాగుంది గనుక దాన్నే ఉంచుకుంటున్నాం. కాని ఆ నవ్వుల మధ్య జరిగిపోయిన తీర్మానాన్ని మాత్రం నవ్వి వదిలెయ్యడం మాకు చేతకాదు.

మేము చేసే పని తెలియనివారికి రెండు ముక్కలు. శనివారం పొద్దున్నే గరాజు సేళ్ళకీ, ఎస్టేటు సేళ్ళకీ, పక్కనే గ్రాండ్ ప్రెయిరీలో ఉన్న ట్రేడర్స్ విలేజి సంతకీ పోతాం. ఎవరో తాతగారు పోతే ఆయన బీరువాలోంచి బయటపడ్డ కెమెరా లెన్సులు అక్కడ ఐదు డాలర్లకీ పన్నెండు డాలర్లకీ దొరుకుతాయి. కొన్నింటి లోపల బూజు. కొన్నింటికి రింగు తిరగదు. కొన్నింటి అపెర్చరు రేకులు నూనె పట్టి అతుక్కుపోయి ఉంటాయి. వాటిని తెచ్చి ఇర్వింగ్‌లో మాలో ఒకరి గరాజులో విప్పి, తుడిచి, పాత గ్రీజు తీసి కొత్తది రాసి, మళ్ళీ బిగిస్తాం. బాగుపడ్డవాటిని పిల్లలకీ, కొత్తగా వచ్చిన విద్యార్థులకీ ఇస్తాం. మేము సంఘాన్ని అడిగింది నెలకి రెండు శనివారాలు హాల్లో ఒక మూల, ఒక బల్ల, ఒక దీపం. కుదరదన్నారు. కారణాలు మూడు చెప్పారు. నాలుగోది మినిట్స్ పుస్తకంలోకి ఎక్కలేదు. ముందు ఆ మూడింటి సంగతి చూద్దాం.

మొదటిది గంట ఖరీదు. "నాకు గంటకి డెబ్బై డాలర్లు వస్తాయి, ఎనిమిది డాలర్ల లెన్సు మీద ఆరు గంటలు పెడితే నాలుగు వందల ఇరవై డాలర్ల నష్టం" అన్నారు ఒక పెద్దమనిషి. గుణకారం తప్పు లేదు. అయితే ఈ లెక్క శనివారం మధ్యాహ్నం మా బల్ల దగ్గరే ఎందుకు గుర్తుకొస్తుంది? కొత్త ఫోను పెట్టెని ఎవడో విప్పుతుంటే ఆ వీడియోని నలభై నిమిషాలు చూసినప్పుడు గుర్తుకు రాదేం? ఆ పెద్దమనిషి ఇంట్లోనే రెండు వేల డాలర్లు పైబడిన కొత్త లెన్సు ఉంది. మంచి లెన్సే. రెండు పుట్టినరోజులకి బయటికి వచ్చింది. దాని గంట ఖరీదు ఆయనే కట్టుకోవాలి.

రెండోది, ఇదంతా తుక్కు అనీ, పైగా ప్రమాదకరమైన తుక్కు అనీ. బూజు పట్టిన లెన్సు హాల్లోకి తెస్తే అందరి కెమెరాలకీ అంటుకుంటుందట. అయ్యా, బూజు మశూచి కాదు. దాని బీజాలు గాలిలో అంతటా ఉన్నాయి, మీ కొత్త లెన్సు మీదా ఉన్నాయి. అవి మొలవడానికి కావలసింది తేమ, చీకటి, కదలని గాలి. మచిలీపట్నంలోనో కాకినాడలోనో వానాకాలమంతా తోలు సంచిలో మూసిపెట్టిన కెమెరాకి ఏమవుతుందో మనకి తెలియంది కాదు. ఆ భయంతోనే కెమెరాని బియ్యం డబ్బాలో దాచిన ఇళ్ళు మనవి. ఇర్వింగ్ ఇళ్ళల్లో ఏసీ పొడిగాలికి బూజు అంత తేలిగ్గా మొలవదు. ఇక్కడి జబ్బు వేరే, ఎండ. వేసవిలో గరాజులోనో అటకమీదో పడేసిన లెన్సులో గ్రీజు పలచబడి, దాన్లోని నూనె జారి రేకుల మీదికి పాకుతుంది. గ్రీజు మాత్రం ఎండి జిగురవుతుంది. అంటే ఇక్కడ దొరికే లెన్సుల్లో సగానికి కావలసింది గాజు తుడవడం కూడా కాదు, రేకుల్ని లైటరు ద్రావకంతో రెండుమూడుసార్లు కడిగి ఆరబెట్టడం.

బూజు సంగతీ అంతే. పైపైన ఉన్నదయితే మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడూ, అంతే అమ్మోనియా కలిపి, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. రెండూ ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. కిటికీ తెరుచుకుని చెయ్యాలి. ఏళ్ళ తరబడి ఉన్నదయితే అది వదిలే ఆమ్లం అద్దంమీది పూతని తినేస్తుంది. ఆ గీతలు ఎంత తుడిచినా పోవు. అప్పుడు కూడా ఫోటోలు వస్తాయి. ఎదురు వెలుగులో కొంచెం పాలిపోతాయి, అంతే. ఇవన్నీ దాచకుండా చెబుతున్నాం.

ప్రమాదం అన్నారు కాబట్టి థోరియం మాట కూడా మేమే ఎత్తుతాం. 1960ల్లో, 70ల్లో జపానులో అసాహీ పెంటాక్స్ వారు చేసిన కొన్ని టకుమార్ లెన్సుల్లో, 50 మి.మీ. ఎఫ్/1.4 రకంలో ముఖ్యంగా, ఒక గాజులో థోరియం ఆక్సైడు కలిపారు. కాంతిని బాగా వంచుతూనే రంగులు చీల్చకుండా ఉండే గాజు కావాలంటే అప్పట్లో అదొక దారి. దానికి కొద్దిపాటి రేడియోధార్మికత ఉంది, నిజం. దానివల్లే ఆ గాజు ఏళ్ళు గడిచేకొద్దీ తేనెరంగుకి తిరుగుతుంది. కెమెరాకి తగిలించి వాడుకుంటే భయపడవలసినది కాదు. ఆ గాజుని అరగదీయకూడదు, పొడి చేయకూడదు, కంటికి ఆనించుకునే భూతద్దంలా వాడకూడదు. పసుపు పోవాలంటే కిటికీలో ఎండకి కొన్ని వారాలు పెట్టాలి, లేదా అల్ట్రావయొలెట్ దీపం కింద కొన్ని రోజులు. మా దగ్గర ఒకటి ఇప్పుడు కిటికీలో ఉంది. దాన్ని హాలుకి తేబోమని రాసి ఇవ్వడానికి సిద్ధం.

తుక్కు అనే మాటని మాత్రం ఒప్పుకోం. హీలియోస్ 44 అనే సోవియట్ లెన్సు ఉంది. 58 మి.మీ., ఎఫ్/2. జర్మనీలో యుద్ధానికి ముందు జైస్ వారు చేసిన బయోటార్ నమూనాని తీసుకుని మాస్కో దగ్గర క్రాస్నొగోర్స్క్ కర్మాగారంలో చేశారు. జెనిట్ కెమెరాలతో పాటు ప్రపంచమంతా లక్షల్లో తిరిగింది. దాని వెనకవైపు మర 42 మిల్లీమీటర్ల వెడల్పు, చుట్టుకి ఒక మిల్లీమీటరు. టకుమార్‌కీ అదే మర. అమెరికావాడి శత్రువు చేసిన లెన్సుని జపానువాడి కెమెరాకి బిగించుకోగలిగిన రోజులవి. తర్వాత ఎవరి మర వారిదయింది. కానన్ వారు 1971లో ఎఫ్‌డీ బిగింపు తెచ్చి 1987లో దాన్ని వదిలేసి వేరేది తెచ్చారు. ఎఫ్‌డీ లెన్సులు కొన్నవాళ్ళందరి చేతిలోనూ ఒక్కసారిగా తుక్కు మిగిలింది. అది తుక్కు కాదని ఇరవై ఏళ్ళ తర్వాత తేలింది. 2008 నుంచి అద్దం లేని డిజిటల్ కెమెరాలు వచ్చాయి. లోపల అద్దం లేదు గనుక లెన్సుకీ సెన్సారుకీ మధ్య దూరం తగ్గింది. ఎఫ్‌డీకి కావలసిన దూరం 42 మిల్లీమీటర్లు, సోనీ కెమెరాలో ఉన్నది 18. మిగిలిన 24 మిల్లీమీటర్లూ ఒక బోలు గొట్టంతో పూడ్చితే లెన్సు మళ్ళీ బతికింది. దాంట్లో చెడిపోవడానికి కరెంటు లేదు. ఈనాటి కొత్త లెన్సుల్లో చాలావాటికి ఫోకస్ రింగు తిప్పితే లోపల ఏదీ నేరుగా కదలదు. మోటారుకి కబురు మాత్రం వెళుతుంది. ఆ మోటారుకి విడిభాగాలు ఆపేసిన రోజున అది నిజంగానే తుక్కు. మరమ్మతు హక్కు కోసం చట్టం చెయ్యవలసిన స్థితి వచ్చి, 2025లో మన టెక్సాస్ శాసనసభ కూడా ఒకటి చేసింది. అమలు తేదీ 2026 సెప్టెంబరు 1. హక్కు ఆస్టిన్ నుంచి వస్తుంది సరే, స్క్రూడ్రైవరు పట్టే చెయ్యి ఎక్కణ్ణించి వస్తుంది?

చవక కెమెరాని బాగుచెయ్యడం పనికిమాలినవాళ్ళ పని అనేవారు మన ఊరి చరిత్రే ఒకసారి చూడాలి. ఇర్వింగ్‌లో వెస్ట్ ఫిఫ్త్ స్ట్రీట్‌లో రూత్ పెయిన్ అనే ఆవిడ ఇల్లు ఉంది. 2013లో నగరం వారు దాన్ని మ్యూజియంగా తెరిచారు. కెనెడీని చంపిన ఆస్వాల్డ్ భార్య అక్కడ ఉండేది, అతని సామాను ఆ ఇంటి గరాజులో ఉండేది. అతను తుపాకీ పట్టుకుని దిగిన ఫోటోలు 1963 నవంబరు 23న ఆ గరాజులోనే దొరికాయి. ఆ ఫోటోలు తీసిన కెమెరా ఇంపీరియల్ రిఫ్లెక్స్ అనే చవక ప్లాస్టిక్ డబ్బా. అది ఆలస్యంగా, 1964లో అధికారుల చేతికి వచ్చింది. అప్పటికి దాని షట్టరు మీట వంగిపోయి ఉంది, లెన్సు మట్టికొట్టుకుపోయి ఉంది. ఎఫ్.బి.ఐ. నిపుణుడు లిండల్ షేనీఫెల్ట్ ఏం చేశాడు? మీట సరిచేశాడు, లెన్సు తుడిచాడు, దానితో కొత్తగా ఫోటో తీశాడు. ఆ నెగెటివు అంచునీ పాత నెగెటివు అంచునీ పోల్చి, రెండూ ఈ కెమెరావే అని వారెన్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాడు. అంత పెద్ద కమిషన్‌కి కావలసిన రుజువు, వంగిన ఒక మీటని వంచిన చోటే తిన్నగా చెయ్యడం మీద ఆధారపడింది. అతన్ని తుక్కు సంఘం అని ఎవరూ అన్నట్టు లేదు.

మూడో కారణం పిల్లలు. శనివారం వాళ్ళకి కోడింగు క్లాసు ఉందట. ఉండనివ్వండి. పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతె మా గరాజులో హీలియోస్ విప్పింది. ఫోకస్ మర విడిపోయే చోట పెన్నుతో గీత పెట్టుకోవాలని మేము చెప్పకముందే పెట్టుకుంది. ఆ మరకి మొదళ్ళు చాలా ఉంటాయి. ఎక్కడ పడితే అక్కడ ఎక్కుతుంది, కాని ఒక్క చోట ఎక్కితేనే దూరం సరిగ్గా కుదురుతుంది. మాలో ఇద్దరం ఇంజనీర్లం ఆ గీత మర్చిపోయి చెరో రాత్రి పోగొట్టుకున్నవాళ్ళమే. ఆ పిల్ల బిగించిన లెన్సుతో లాస్ కొలీనాస్‌లో విలియమ్స్ స్క్వేర్ కంచు గుర్రాల్ని తీసింది. తొమ్మిది గుర్రాలూ, కాళ్ళకింద చిందే నీళ్ళూ. వాళ్ళమ్మ గారు ఫోటో చూసి సంతోషించి, "ఇది కాలేజీ అప్లికేషనులో పనికొస్తుందాండీ?" అని అడిగారు. మాకు తెలియదన్నాం.

ఇక నాలుగోది.

తెనాలి నుంచి ఒక పెద్దాయన కూతురి దగ్గరికి ఆరు నెలలకని వచ్చారు. అక్కడ ముప్పై ఏళ్ళకి పైగా ఫోటో స్టూడియో నడిపినవారు. యాషికా మ్యాట్‌తో పెళ్ళిళ్ళు తీశారు, నెగెటివుల మీద పెన్సిలుతో పెళ్ళికూతుళ్ళ మొటిమలు మాన్పారు. కెమెరా చెడితే మద్రాసు పంపే తాహతు లేక తనే విప్పి నేర్చుకున్నారు. డిజిటల్ వచ్చాక స్టూడియో మూతపడింది. ఇలా వచ్చిన పెద్దవాళ్ళు ఇక్కడ ఎలా కాలక్షేపం చేస్తారో ఈ పత్రిక చదివేవారందరికీ తెలుసు. పొద్దున్న వీధి చుట్టూ నడక, మధ్యాహ్నం సీరియలు, సాయంత్రం మనవడి స్కూలు బస్సు. "ఎప్పుడొచ్చారు, ఎప్పుడెళ్తున్నారు" అని అందరూ అడుగుతారు. "మీరేం పని చేసేవారు" అని ఎవరూ అడగరు.

మేమూ అడగలేదు. కూతురు తీసుకొస్తే మా గరాజుకి వచ్చి రెండు శనివారాలు ఊరికే కూర్చున్నారు. మూడోవారం మాలో ఒకడు జపాను లెన్సు స్క్రూ తీస్తూ ప్లస్సు గాడి చెడగొడుతుంటే ఉండబట్టలేక లేచారు. "ఆ స్క్రూడ్రైవరు దీనిది కాదు బాబూ" అన్నారు. నిజమే. జపాను స్క్రూ తల చూడటానికి ఫిలిప్స్‌లాగే ఉంటుంది గాని గాడి కోత వేరు. అమెరికా ఫిలిప్స్ దాంట్లో పూర్తిగా కూర్చోదు. గట్టిగా తిప్పితే పైకి జారి గాడిని తినేస్తుంది. జపాను కోత స్క్రూడ్రైవర్లు వేరే అమ్ముతారు. మాకు అది తెలియక అప్పటికి ఎన్ని స్క్రూలు పాడుచేశామో చెప్పుకోలేం. ఆ తర్వాత ఆయన రింగు చెవి దగ్గర పెట్టుకుని తిప్పేవారు. ఇసక పడిందో, గ్రీజు ఎండిందో, దెబ్బ తగిలి అంచు వంగిందో శబ్దాన్ని బట్టి చెప్పేవారు. సగం లెన్సుల్ని విప్పనిచ్చేవారు కాదు. "విప్పటం ఎవడైనా విప్పుతాడు. అవసరం లేనిది విప్పకుండా ఉంచటమే కష్టం" అనేవారు. ఎవరి దగ్గరా ఒక్క డాలరు తీసుకోలేదు. విజిటర్ వీసా మీద వచ్చినవారు, తీసుకోకూడదు కూడా.

ఉగాదికి హాలు గుమ్మం దగ్గర మా బల్ల వేశాం. ఆయన మూడు గంటలసేపు కూర్చుని, వచ్చినవాళ్ళ కెమెరాలు చూశారు. పిల్లలు చుట్టూ మూగారు. అతిథులు వచ్చే వేళకి బల్లని లోపల చెప్పులు విడిచే చోటికి మార్చమని కబురొచ్చింది. అదయినా సరే అనుకున్నాం. ఆ తర్వాత ఆయన కూతురితో ఒకరు మెల్లగా అన్నమాట ఇది: "నాన్నగారిని అలా కూర్చోబెట్టారేమిటండీ?"

అలా అంటే ఎలా? అదే పెద్దాయన అదే హాల్లో పేకాట ఆడితే ఎవరూ ‘అలా’ అనరు. ముందు వరసలో శాలువా కప్పించుకుని కునుకు తీస్తే అనరు. చేతిలో స్క్రూడ్రైవరు, ఒళ్ళో నూనె గుడ్డ, కింద కూర్చున్న పిల్లలు. ‘అలా’ అన్నది వీటి గురించి. మనిషి దిగిపోయాడని అర్థం. ఆయన దిగితే కూతురు దిగుతుంది, అల్లుడు దిగుతాడు, వాళ్ళని పిలిచిన మన సంఘం దిగుతుంది.

ఈ లెక్క డల్లాస్‌లో పుట్టలేదు. మన ఊళ్ళో వడ్రంగినీ, కమ్మరినీ, సైకిలు షాపు మనిషినీ, గడియారాలు బాగుచేసే సాయిబునీ మన పెద్దవాళ్ళు ఏమని పిలిచేవారో ఒకసారి గుర్తుచేసుకోండి. తండ్రి వయసువాణ్ణి "ఏరా" అనే పిల్లలుగా మనం పెరిగాం. ఎవరు చేతులతో పని చెయ్యాలో, ఎవరు చెయ్యకూడదో పుట్టుకతోనే రాసిపెట్టిన సమాజం అది. ఆ రాతని ఆవకాయ జాడీతో పాటు జాగ్రత్తగా మూటగట్టి ఇక్కడిదాకా తెచ్చుకున్నాం. మనలో ఎక్కువమందిమి ఇంజనీర్లం. మొదటి సంవత్సరం వర్క్‌షాపులో ఇనపముక్కని ఆకురాయితో చదును చెయ్యమంటే, అక్కడి మెకానిక్కు చేతిలో కాస్త డబ్బు పెట్టి చేయించుకుని రికార్డు మీద సంతకం తెచ్చుకున్నవాళ్ళు చెయ్యెత్తితే ఈ హాల్లో ఎన్ని చేతులు లేస్తాయి? మావి రెండు లేస్తాయి. యంత్రాల మీద పట్టా పుచ్చుకుని యంత్రాన్ని ముట్టుకోకుండా దేశం దాటగలిగిన వాళ్ళం మనం. ఆ ముట్టుకోకపోవడాన్నే పరువు అనుకుంటున్నాం.

"ఆయన వయసుకి గౌరవమిచ్చే అన్నాం" అని తర్వాత సమాధానం వచ్చింది. మనస్ఫూర్తిగానే అని ఉంటారు. గౌరవం పేరుతో మనిషి చేతిలోంచి పని లాక్కుంటే ఆ మనిషికి మిగిలేది ఏమిటో మనవాళ్ళ ఇళ్ళల్లో సోఫాల మీద కనిపిస్తూనే ఉంది. ఆయన తర్వాతి శనివారం రాలేదు. ఒంట్లో బాగులేదని కూతురు ఫోను చేసి చెప్పింది. ఆ పై వారమూ రాలేదు. మే నెలలో తెనాలి వెళ్ళిపోయారు.

తప్పంతా కార్యవర్గం మీద తోసి చేతులు దులుపుకోవడం లేదు. కబురు రాగానే ఆ బల్లని చెప్పుల దగ్గరికి మోసింది మేమే. నలుగురం నాలుగు కాళ్ళు పట్టుకుని మోశాం. "ఇక్కడే ఉంటుంది" అని ఒక్కడూ అనలేదు. మా గరాజూ కడిగిన ముత్యమేమీ కాదు. మాలో ఒకరు, లోపల గాజుల మధ్య జిగురు ఊడుతున్న లెన్సుని పైపైన మెరిపించి, కొత్తగా వచ్చిన విద్యార్థికి ‘కొత్తదానిలా ఉంది’ అని నలభై డాలర్లకి అమ్మాడు. డబ్బు తిరిగి ఇప్పించాం. ఆనాటి నుంచి బాగుచేసిన ప్రతి లెన్సుకీ ఒక చీటీ కడుతున్నాం. ఏం చెడింది, ఏం చేశాం, ఏం చెయ్యలేకపోయాం, ఏ స్క్రూ తల మేం పాడుచేశాం, అన్నీ అందులో ఉంటాయి. ఇంటర్నెట్ అంగళ్ళలో మసిపూసి మారేడుకాయ చేసి అమ్మేవాళ్ళతో మాకు పోలిక లేదని చెప్పుకోవాలంటే ఆ చీటీ తప్ప వేరే రుజువు లేదు. పాత లెన్సులో ఏదో మహత్తు ఉందనీ, హీలియోస్ వెనకాల సుడులు తిరిగే మసకలో కవిత్వం ఉందనీ చెప్పి ధరలు పెంచేవాళ్ళతోనూ మాకు చుట్టరికం లేదు. ఆ సుడి ఆ లెన్సుకున్న లోపం. నచ్చితే వాడుకోవచ్చు.

కార్యవర్గాన్ని మళ్ళీ అడుగుతున్నాం. నెలకి రెండు శనివారాలు, ఒక బల్ల, ఒక దీపం. బల్ల గుమ్మం దగ్గర ఉండాలి, చెప్పుల దగ్గర కాదు. పెద్దవాళ్ళలో ఎవరికి ఏ పని వచ్చో, కుట్టుమిషనో, రేడియోనో, తాళమో, గడియారమో, తెలుసుకుని వాళ్ళని ఆ బల్ల దగ్గరికి పిలవాలి. కాదంటే కాదని కారణం రాసి వచ్చే సంచికలో వెయ్యాలి. నాలుగో కారణం కూడా రాయాలి.

ఈలోగా మా గరాజు తలుపు తెరిచే ఉంటుంది. లెన్సు తెచ్చేవారు ముందుగా దాన్లోకి ఏ నూనే, ఏ స్ప్రే కొట్టకండి. విప్పి మధ్యలో ఆపేసినవారు ముక్కలన్నీ ఒకే సంచిలో పోసి తేకండి, విప్పిన వరసలో విడివిడిగా కాగితంలో చుట్టి తేండి. నాన్నగారినో మామగారినో అమ్మగారినో వెంట తీసుకురండి. ఏం పని చేసేవారో ఈసారి మేమే ముందు అడుగుతాం.